ఒకట్లు ముందా, పదులు ముందా?

మీకు ఎన్ని భాషలు వచ్చునని అడిగితే మనలో చాలామందిమి "మాకు తెలుగొక్కటే" అంటాము. ఎన్ని భాషల్లో లెక్కపెట్టగలరని అడిగితే మాత్రం ఆ జవాబు నిలవదు. మన హుస్నాబాద్ అంగడిలో ఒక్క గంట నిలబడి వినండి. కూరగాయలామె "కిలో నలభై" అంటుంది. కోళ్ళాయన "ఢాయి సౌ" అంటాడు. బేరం కుదరక మళ్ళిపోయే అవ్వ "చారాణ కోడికి బారాణ మసాలా" అని ఒక మాట విసిరిపోతుంది. ఆ ప్రక్కనే సెల్లుఫోన్ల దుకాణంలో పిల్లవాడు "వన్ నైంటీ నైన్" అంటాడు. ఒకే అంగడి, మూడు లెక్కలు. మూడింటికీ మనం చిల్లర సరిగ్గానే తీసుకొని ఇంటికి వస్తున్నాము.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తానంటే, మా వాడకట్టులో ఒక అక్క కూతురి కానుపుకని నార్వే దేశం ప్రయాణమవుతున్నది. యూరప్ ఖండంలో ఉత్తరపు కొసన ఉన్న చలిదేశం అది. ఈ అక్క ఇరవై ఏళ్ళు బీడీలు చుట్టింది. అంతకు ముందు కొన్నాళ్ళు భర్తతో పాటు భివండిలో, సాంచాల నడుమ, కాపురం చేసి వచ్చింది. "అక్కడ అందరికీ ఇంగ్లీషు వస్తదమ్మా, నీకేం రంది లేదు" అన్నదట కూతురు ఫోనులో. "వాళ్ళకు వస్తే ఏం లాభం బిడ్డా, నాకు రావాలె గదా" అన్నది తల్లి. మూడు నెలలు నాలుగు గోడల మధ్య కూర్చోవటం ఆమెకు ఇష్టం లేదు. కూతురు బాలింతరాలై పడుకొని ఉంటుంది, అల్లుడు డ్యూటీకి పోతాడు. అప్పుడు తానొక్కతే పోయి పాలు తేగలగాలి. దవాఖానాలో పిలిచిన నంబరు తమదో కాదో తెలుసుకోగలగాలి. అందుకని మాటల సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క నేర్చుకుందామని కూర్చున్నది. ఆమెతో పాటు నేనూ కూర్చున్నాను. అప్పుడు తెలిసిన సంగతులే ఇవి.

ఇంకో భాషలో లెక్క నేర్చుకునే ముందు మన లెక్కను మనం ఒకసారి తేరిపార చూసుకోవాలి. తెలుగులో ఒకటి నుంచి పది దాకా పది మాటలు. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా తొమ్మిది. ఇవి కొంచెం ముడుచుకుపోయి ఉంటాయి గాని అన్నిటా ముందు పది వినబడుతూనే ఉంటుంది. ఇరవై, ముప్పై మొదలుకొని తొంభై దాకా ఎనిమిది. ఆపైన నూరు. మొత్తం ఇరవై ఎనిమిది మాటలు వస్తే నూరు దాకా తడుముకోకుండా చెప్పవచ్చు. నలభై ఏడు అంటే నలభై, దానిమీద ఏడు. పలకమీద ఏది ముందు వ్రాస్తామో నోటితోనూ అదే ముందు అంటాము. ఇంత సుళువైన లెక్క చేతిలో ఉన్నదని మనకు ఎప్పుడూ తోచదు, పుట్టినప్పటి నుంచి ఉన్నది గనుక.

మన తెలుగులో ఇంకొక విశేషం చెప్పాలి, ఇది ప్రత్యేకం మన ఆడవాళ్ళకు. వస్తువులైతే రెండు, మూడు, నాలుగు అంటాము. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఒక్క ఆడమనిషి వస్తే వ్యాకరణం "వచ్చింది" అని ఆవుతో, బస్సుతో కలిపి చెబుతుంది. ఇద్దరమై వస్తే మాత్రం "వచ్చారు" అని మనుషుల్లో చేరుస్తుంది. అంటే మనం జంటగా కదిలితేనే వ్యాకరణానికి మనుషులమన్న మాట! మన పొరుగున ఆదిలాబాద్ అడవుల్లో మాట్లాడే గోండి భాషలో ఈ మాత్రం మర్యాద కూడా లేదు. అక్కడ మగవాళ్ళకు ఒక లెక్క, ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నా వస్తువులతో కలిపి ఇంకొక లెక్క. వ్యాకరణాలు వ్రాసిన పండితులు దీన్ని చాలా శ్రద్ధగా నమోదు చేశారు.

ఇక ఉర్దూ లెక్క. నిజాం కాలంలో మన ప్రాంతంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువు కూడా ఉర్దూలోనే. చదువుకోని మన అమ్మమ్మలకు అక్షరాలు రాకపోయినా లెక్క మాత్రం చెవికి ఎక్కింది, ఎందుకంటే పన్ను కట్టాలన్నా, సాహుకారు దగ్గర అప్పు తీర్చాలన్నా అదే వినబడేది. పైగా రెండు రకాల రూపాయలు. ఏడు హాలీ సిక్కా రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలు. ఈ మారకం నోటితోనే చేసుకున్న ఆ ముసలమ్మలను మనం లెక్కలు రానివాళ్ళంటే ఎట్లా?

ఉర్దూ, హిందీ లెక్కలో చిక్కేమిటంటే నూరు దాకా ప్రతి అంకెకూ విడి పేరు ఉన్నట్టు వినబడుతుంది. బాయీస్, బత్తీస్, బయాలీస్, బావన్, బాసఠ్, బహత్తర్, బయాసీ, బానవే. క్రొత్తగా వినేవాళ్ళకు అన్నీ "బ" తోనే కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. కాని కొంచెం నిదానంగా వింటే తాళంచెవి దొరుకుతుంది. మాటకు తల ఒకట్లు, తోక పదులు. తల "బా" అంటే రెండు. తోక చూడండి: "ఈస్" అంటే ఇరవైలు, "తీస్" అంటే ముప్పైలు, "లీస్" నలభైలు, "వన్" గాని "పన్" గాని వస్తే యాభైలు, "సఠ్" అరవైలు, "హత్తర్" డెబ్బైలు, "ఆసీ" ఎనభైలు, "నవే" తొంభైలు. ఇప్పుడు "ఛప్పన్" అనండి. తల "ఛ" ఆరు, తోక "పన్" యాభై. యాభై ఆరు.

తొమ్మిది దగ్గర మాత్రం ఈ లెక్క వెనక్కి తిరుగుతుంది. ఇరవై తొమ్మిదిని "ఉంతీస్" అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. "తీస్" విని ముప్పై పైన అనుకుంటే మోసపోతాము. ముప్పై తొమ్మిది ఉంతాలీస్, నలభై తొమ్మిది ఉంచాస్. ఎనభై తొమ్మిది, తొంభై తొమ్మిది మాత్రం మళ్ళీ మామూలు దారికి వచ్చి నవాసీ, నిన్నానవే అవుతాయి. మా అక్క భివండిలో మొదటి ఏడాది పచ్చీస్, పైంతీస్, పైంతాలీస్ మూడింటి మధ్య నలిగిపోయిందట. ఇరవై అయిదు, ముప్పై అయిదు, నలభై అయిదు. కూలి డబ్బు చేతికి వచ్చే చోట ఆ పది రూపాయల తేడా చిన్నదేమీ కాదు. "తోక పట్టుకున్నంక నన్నెవ్వడు మోసం చెయ్యలే" అంటుంది.

నార్వే లెక్క దగ్గరికి పోయేముందు ఒక నార్వే ఆయన మన లెక్కను ఎట్లా చూశాడో చెబుతాను. ఇంగ్లీషువారి కాలంలో గ్రియర్సన్ అనే పెద్ద అధికారి ఆధ్వర్యంలో మన దేశపు భాషల సర్వే జరిగింది. అందులో ముండా, ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. దాన్ని సిద్ధం చేసినవాడు స్టెన్ కోనో అనే నార్వే పండితుడు. తెలుగు, గోండి రెండూ అందులోనే ఉన్నాయి. ప్రతి భాషకూ ఒకే మాటల పట్టిక పెట్టి, ఈ మాటను మీరేమంటారని నింపించారు. ఆ పట్టికలో మొట్టమొదటి మాట అమ్మ కాదు, నీళ్ళు కాదు, "ఒకటి". వరసగా పది దాకా, తర్వాత ఇరవై, యాభై, నూరు. ఆ తర్వాతనే "నేను". ఎందుకంటే భాషలకు చుట్టరికం ఉన్నదా లేదా అన్నది లెక్క దగ్గర తొందరగా బయటపడుతుంది. గోండిలో చూడండి: ఉంది, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, ఏడుంగ్. రెండు, మూడు, నాలుగు, ఆరు, ఏడు మనకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతున్నాయి. ఆదిలాబాద్ గోండులకు ఈ అంకెలు సంతలో మాత్రమే కాదు, పెళ్ళిళ్ళలోనూ పనికివస్తాయి. నాలుగు దేవుళ్ళవారు, అయిదు దేవుళ్ళవారు, ఆరు, ఏడు దేవుళ్ళవారని వాళ్ళలో సగలు ఉంటాయి. ఒకే సగలో పిల్లను ఇచ్చి పుచ్చుకోరు. అక్కడి పిల్లకు నాలుగు, అయిదు, ఆరు, ఏడు అన్నవి ముందుగా చుట్టరికాలు, తర్వాతనే అంకెలు.

సరే, ఇక నార్వే. కూతురు ఫోనులో చెబుతూ ఉంటే మేము తెలుగు అక్షరాల్లో వ్రాసుకున్నాము. ఎన్, తూ, త్రే, ఫీరె, ఫెమ్, సెక్స్, షూ, ఒత్తె, నీ, తీ. పదకొండు ఎల్వె, పన్నెండు తోల్. అక్క రెండుసార్లు చదివి, "ఇవి మన ఉర్దూ లెక్క లెక్కనే ఉన్నయి గదా" అన్నది. ఆమె అన్నది నిజమే. తూ అంటే దో, త్రే అంటే తీన్, ఒత్తె అంటే ఆఠ్, నీ అంటే నౌ. ఉర్దూ, హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు, నార్వీజియన్, ఇవన్నీ దూరపు చుట్టాలని పండితులు చెప్పిన మాటను ఆమె చెవి తానంతట తానే పట్టుకున్నది. అష్ట, ఆఠ్, ఎయిట్, ఒత్తె వరసగా అని చూడండి, మీకూ తెలుస్తుంది.

పదుల దగ్గర మాకు నవ్వాగలేదు. డెబ్బైకి వాళ్ళనే మాట మన చెవికి "సుత్తి" లాగా వినబడుతుంది. ఎనభై "ఒత్తి". తొంభై "నిత్తి". సుత్తి డెబ్బై, దీపపు ఒత్తి ఎనభై అని పెట్టుకుంటే ఇక మరచిపోయే ప్రసక్తి లేదు. కాని జాగ్రత్త. ఎనిమిది ఒత్తె, ఎనభై ఒత్తి. చివరి అచ్చులో తప్ప తేడా లేదు. అట్లాగే ఏడు "షూ", ఇరవై "ష్యూయె". ఈ రెండోదానిలో మొదటి శబ్దానికి సరియైన అక్షరం మనకు లేదు, "హ్య"కూ "ష్య"కూ నడుమ పలకాలి. ఇరవై ఏడు అనాలంటే "ష్యూయె-షూ". చలికి తుమ్ము వచ్చినట్టుంది అన్నది అక్క.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము. "ష్యూయె-షూ" లో ఇరవై ముందు వచ్చింది, ఏడు వెనుక వచ్చింది. ఇది మన తెలుగు వరస. కాని ఒకప్పుడు నార్వేలో ఇట్లా లేదు. అప్పుడు ఉర్దూ మాదిరిగా ఒకట్లే ముందు. ఇరవై అయిదును "ఫెమ్-ఒ-త్యూవె" అనేవారు, అంటే అయిదున్నూ ఇరవైన్నూ. జర్మనీలో, డెన్మార్కులో ఈనాటికీ ఒకట్లే ముందు అంటారు. మరి నార్వేవారు ఎందుకు మార్చారు? టెలిఫోను వల్ల. ఫోను నంబరు చెప్పేటప్పుడు "అయిదున్నూ ఇరవై" అని వింటే, వినేవారి వేలు ముందు అయిదు మీదికి పోతుంది. నిజానికి ముందు తిప్పవలసింది రెండు. 25కు బదులు 52 పడి, ఎవరింట్లోనో గంట మోగుతుంది. అక్కడి టెలిఫోను శాఖవారు ఇది భరించలేక లెక్క వరస మార్చమని కోరారు. 1950లో పార్లమెంటు తీర్మానించింది. 1951 జూలై 1 నుంచి బళ్ళలో, రేడియోలో, ప్రభుత్వ కార్యాలయాల్లో పదులు ముందు చెప్పాలన్నారు. అదే ఊపులో ఇరవైకి, ముప్పైకి, ఏడుకు పాత పేర్లు తీసి క్రొత్త పేర్లు పెట్టారు. ఒక దేశం పార్లమెంటులో కూర్చొని "ఇక నుంచి ఇట్లా లెక్కపెట్టండి" అని ప్రజలకు చెప్పటం చాలా అరుదు. అంటే నార్వే లెక్కలో మాటలేమో ఉర్దూకు చుట్టాలు, వరసేమో తెలుగు వరస. హుస్నాబాద్ ఆడమనిషికి రెండూ ఇంట్లోనే ఉన్నాయి!

అయితే చట్టం చేసినంత మాత్రాన నోరు మారుతుందా? డెబ్బై ఏళ్ళు దాటినా అక్కడ పాత వరసతో చెప్పేవారు ఉన్నారు. ఒకే మనిషి ఒకసారి ఇట్లా, ఒకసారి అట్లా చెప్పటమూ ఉన్నది. పదమూడు నుంచి పంతొమ్మిది దాకా చట్టం ముట్టుకోనే లేదు, అక్కడ ఇంకా ఒకట్లే ముందు. మనం వారిని చూసి నవ్వనవసరం లేదు. 1957 ఏప్రిల్ 1న మన ప్రభుత్వం అణాలు తీసేసి, రూపాయికి నూరు నయాపైసలని చెప్పింది. నాలుగు అణాలు పోయి పాతిక పైసలు వచ్చాయి. మనం వాటిని చారాణ అనే అన్నాము. 2011 జూన్ తర్వాత ఆ పాతిక పైసల బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. అయినా కోడి ఇంకా చారాణకే, మసాలా బారాణకే దొరుకుతున్నది. నార్వేలోనూ చిల్లర అట్లాగే తరిగిపోయింది. వాళ్ళ క్రోనె అనే రూపాయిలో సగానికి ఉండే 50 ఓరె బిళ్ళను 2012 మే నెలలో రద్దు చేశారు.

ఎట్లా నేర్చుకోవాలో కూడా చెబుతాను, ఎందుకంటే మనం సాధారణంగా నేర్చుకునే పద్ధతి మంచిది కాదు. ఒకటి నుంచి నూరు దాకా వరసగా అప్పజెప్పటం వస్తుంది. తర్వాత ఎవరైనా "ఎనిమిది ఎంత" అంటే మళ్ళీ ఎన్, తూ, త్రే అంటూ మొదటి నుంచి రావాలి. అట్లా వచ్చేసరికి దవాఖానాలో మన నంబరు దాటిపోతుంది. మేము చింతగింజలు తీసుకొని పది పది కుప్పలు పోశాము. నేను ఒక అంకె అంటాను, ఆమె అన్ని కుప్పలూ, అన్ని విడి గింజలూ ముందుకు జరపాలి. ముందు కుప్పలు, తర్వాత గింజలు. రెండు రోజుల్లో పదులు వచ్చేశాయి. ఇరవై అయిదు బీడీల కట్టలు నలభై అయితే వెయ్యి అని చేతివేళ్ళకు నేర్పుకున్న మనిషికి కుప్పల లెక్క క్రొత్త కాదు. తర్వాత వరస తప్పించి అడిగాను, పైనుంచి క్రిందికి అడిగాను. చివరకు ఆమె పుట్టిన ఏడు, ఇంటి నంబరు, కూతురి ఫోను నంబరు చెప్పించాను. అక్కడ ఫోను నంబర్లు ఎనిమిది అంకెలు, చాలాసార్లు రెండేసి కలిపి చెబుతారు. టెలిఫోను శాఖ గొడవ అక్క చేతిలోకే వచ్చిందన్న మాట.

నిజం చెప్పాలంటే అక్కడి దుకాణంలో ఈ లెక్క అంతగా అవసరపడదు. ఎంత ఇవ్వాలో అంకెల్లో తెర మీద కనిపిస్తుంది, అంకెలు మనకు తెలిసినవే. అవసరమంతా కంటికి కనిపించని చోట, అంటే బస్సులో పిలిచే నంబరు, దవాఖానాలో పిలుపు, ఫోనులో చెప్పే సమయం, ఇట్లాంటి వాటి దగ్గర. ఇంట్లో పసిబిడ్డ ఉన్నప్పుడు ఒక నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా రావాలి. మనకు ఇక్కడ అంబులెన్సుకు 108. అక్కడ 113. దాన్ని విడివిడిగా "ఎన్-ఎన్-త్రే" అంటారు. అగ్నిమాపకానికి 110, పోలీసుకు 112. అక్క 113ను వంటింటి తలుపు మీద సుద్దతో వ్రాసుకున్నది.

ఇక మిగిలింది గడియారం. మనం "మూడున్నర" అంటాము, మూడు అయి అర దాటిందని. ఉర్దూలో "సాడే తీన్" కూడా అదే, మూడుకు అర కలిపినట్టు. "పౌనే చార్" అంటే మాత్రం నాలుగుకు పావు తక్కువ. ఇక్కడ రాబోయే గంట పేరు వస్తుంది. నార్వేవారు అరగంటకు కూడా ఈ పౌనే చార్ పద్ధతే పట్టుకున్నారు. మూడున్నరను "హల్ ఫీరె" అంటారు. మాటకు మాట చూస్తే "అర నాలుగు". అంటే నాలుగో గంటలో సగం గడిచిందని వాళ్ళ భావం. మూడు ఇరవై అయిదు అయితే "అర నాలుగుకు అయిదు తక్కువ" అంటారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళే ఇక్కడ ఎక్కువగా పడిపోతారు, "హాఫ్ ఫోర్" అని విని నాలుగున్నర అనుకుంటారు. కాబట్టి అక్కడి డాక్టరమ్మ బిడ్డను "హల్ ఫీరె"కు తీసుకురమ్మంటే మూడున్నరకే అక్కడ ఉండాలి. నాలుగున్నరకు పోతే బిడ్డ పేరు పిలిచి అప్పటికి గంట అయి ఉంటుంది.